గెట్టు పంచాయితీ నుంచి యుద్ధం దాకా

ప్రశ్నలు మీవి, జవాబులు మావి

2025 జులైలో థాయ్‌లాండ్, కంబోడియాలు అయిదు రోజులు ఫిరంగులతో, రాకెట్లతో కొట్టుకున్నాయి. డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టాయి. అప్పటి నుంచి సరిహద్దు తగాదాల మీద నగర పాఠకుల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. రెండు రాళ్లు పాతితే తేలిపోయే దానికి ఇంత రక్తపాతమా అన్నది చాలామంది సందేహం. వాటిలో తొమ్మిది ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే రకమైన ప్రశ్నలను కలిపేశాం.

తార్నాక నుంచి ఒక స్కూలు టీచర్: సరిహద్దు అంటే పటం మీద గీత అని పిల్లలకు చెప్తాం. గీత గీసేశాక నేల మీద తగాదా ఎందుకు మిగులుతుంది?

గీత గీయడం ఒక పని, రాయి పాతడం ఇంకో పని. ఈ రెండింటి మధ్య ఒక్కోసారి యాభై ఏళ్లు గడిచిపోతాయి, తగాదా పుట్టేది ఆ సందులోనే.

మొదట సంధి పత్రంలో మాటలు రాసుకుంటారు. ‘ఫలానా కొండల వరుస వెంట, ఫలానా రెండు నదులు కలిసే చోటు దాకా’ అన్నట్టు ఉంటాయవి. ఆ మాటలను బట్టి పటం మీద గీత వస్తుంది. ఆ తర్వాత రెండు దేశాల సర్వేయర్లూ కలిసి నడుస్తూ స్తంభాలు పాతి, నంబర్లు వేసి, కొలతల పుస్తకాల మీద ఇద్దరూ సంతకాలు చేస్తారు. మన ఊళ్లలో సేత్వార్‌లో (పాత భూమి రికార్డులో) ఒక విస్తీర్ణం, నక్షలో ఒక గీత, పొలంలో ఇంకో చోట రాయి ఉంటే గెట్టు పంచాయితీ ఎలా పుడుతుందో తెలుసుగా. దేశాల విషయంలోనూ అంతే. కాకపోతే అక్కడ కొలత పెట్టడానికి మండల సర్వేయరు రాడు, తీర్పు చెప్పడానికి తహసీల్దారు ఉండడు.

తూర్పున భారత్, టిబెట్‌ల మధ్య హద్దుగా గీసిన మెక్‌మహాన్ రేఖనే తీసుకోండి. 1914 సిమ్లా ఒప్పందంలో దాన్ని అంగుళానికి 8 మైళ్ల స్కేలున్న పటం మీద గీశారు. ఆ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద దాదాపు 500 మీటర్లు. కలం పాళీ కాస్త మందంగా ఉంటే చాలు, ఒక కొండ చరియ మొత్తం గీత కిందే దాక్కుంటుంది. పైగా ఆ కొండల్లో చాలా భాగం అప్పటికి ఎవరూ సరిగ్గా కొలవలేదు. గీత ఎత్తయిన శిఖరాల వెంట పోవాలన్నది ఉద్దేశం. భూటాన్ పక్కనున్న పడమటి కొసలో మాత్రం పటం మీది గీత ఒక చోట పడింది, అసలు శిఖరాల వరుస థాగ్లా దానికి కొన్ని కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. ‘సూత్రం ప్రకారం శిఖరమే హద్దు’ అని మనవాళ్లు అన్నారు. ఆ రేఖనే ఒప్పుకోని చైనా, ‘మీ పటం ప్రకారం చూసినా ఇది మీది కాదుగా’ అంది. 1962 యుద్ధానికి తూర్పున నిప్పు రాజుకున్నది సరిగ్గా అక్కడే. ఆ కథ కింద చెప్తాం.

మాటకూ నేలకూ పొసగని ఉదాహరణల్లో మాకు అన్నిటికన్నా విచిత్రంగా కనిపించేది దక్షిణ అమెరికాది. పెరూ, ఈక్వడార్‌లు 1942లో రియో ఒప్పందం చేసుకున్నాయి. జమోరా, శాంటియాగో అనే రెండు నదుల మధ్య ఉన్న జలవిభాజక రేఖే హద్దు అని రాసుకున్నారు. జలవిభాజక రేఖ అంటే వాన నీరు ఇటు పారుతుందా అటు పారుతుందా అన్నది తేల్చే గట్టు. 1946–47లో అమెరికా విమానాలు ఆ అడవిని ఫొటోలు తీస్తే తేలిందేమిటంటే, ఆ రెండు నదుల మధ్య సెనెపా అనే మూడో నది అనుకున్నదానికన్నా చాలా పొడవుగా పారుతోంది. మధ్యలో ఇంకో నది ఉంటే నీటిని విడదీసే గట్టు ఒకటి కాదు, రెండు. ఒప్పందం చెప్పిన గట్టు నేల మీద లేదు కాబట్టి ఒప్పందమే చెల్లదని ఈక్వడార్ వాదన. 78 కిలోమీటర్ల మేర స్తంభాలు పాతకుండా వదిలేశారు. ఆ ఖాళీలోనే 1981లో ఒకసారి, 1995 జనవరి, ఫిబ్రవరిల్లో ఇంకోసారి కొట్టుకున్నారు. మిగతా సరిహద్దు మీద ఇద్దరూ స్తంభాలు పాతుకున్నారు, అక్కడ యుద్ధం జరగలేదు.

అశోక్‌నగర్ నుంచి గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థి: నది హద్దయితే గొడవ ఉండకూడదు కదా. కంటికి కనిపించే హద్దే కదా అది?

నది కనిపిస్తుంది, నదిలో హద్దు కనిపించదు. హద్దు ఈ ఒడ్డా, ఆ ఒడ్డా, నట్టనడుమా, లేక లోతైన పాయ వెంటా అన్నది ముందే తేల్చుకోవాలి. పడవలు తిరిగే లోతైన పాయ మధ్యగీతను థాల్వెగ్ అంటారు. పరీక్షకు ఈ మాట గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

ఇరాక్, ఇరాన్‌ల మధ్య షత్ అల్ అరబ్ నదిలో 1937 ఒప్పందం ప్రకారం చాలాచోట్ల హద్దు ఇరాన్ ఒడ్డునే ఉండేది. అంటే నీళ్లన్నీ ఇరాక్‌వి, ఇరాన్ ఓడ రేవుకు రావాలంటే పరాయి నీళ్లలో నుంచి రావాలి. 1975లో అల్జీర్స్‌లో దాన్ని థాల్వెగ్‌కు మార్చారు. 1980 సెప్టెంబరు 17న సద్దాం హుస్సేన్ ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు, 22న దండెత్తాడు. యుద్ధం 1988 ఆగస్టు దాకా నడిచింది. నది ఒక్కటే కారణం కాదు. ఇరాన్‌లో విప్లవం వచ్చి సైన్యం చెల్లాచెదురై ఉంది, ఇదే అదును అనుకున్నాడు. హద్దు తగాదా సాకుగా చేతిలో సిద్ధంగా ఉంది.

గుజరాత్‌లో సర్ క్రీక్ తగాదా ఇదే కోవలోది. 96 కిలోమీటర్ల బురద పాయ అది. తూర్పు ఒడ్డే హద్దని పాకిస్తాన్, పాయ నడుమ అని భారత్ వాదిస్తున్నాయి. ఇద్దరూ 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానాన్నే చూపిస్తారు. పాయలో ఉన్న బురద కోసం కాదు ఈ పట్టుదల. పాయ ముఖద్వారంలో హద్దు ఎక్కడ మొదలవుతుందో దాన్ని బట్టే సముద్రం మీద గీత ఎటు వాలుతుందో తేలుతుంది. ఒడ్డున చిన్న తేడా, సముద్రంలోకి పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకుంటుంది.

ఉప్పల్ నుంచి రిటైరైన సర్వేయర్: ఇప్పుడు జీపీఎస్ వచ్చింది, సెంటీమీటర్లలో చెప్తుంది. ఇంకా తగాదాలేమిటి?

మీకు మేం చెప్పేదేముంది, ఒకే రాయికి మన పాత కొలతల లెక్క ఎవరెస్ట్ డేటమ్‌లో ఒక అంకె, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 లెక్కలో ఇంకో అంకె వస్తుందని మీకు తెలిసిందే. అది సరిచేసుకోగలిగిన తేడా. అసలు చిక్కు వేరు. ఒక బిందువు ఎక్కడుందో జీపీఎస్ చెప్తుంది. ఏ బిందువు హద్దో అది చెప్పదు.

సియాచిన్ చూడండి. 1949 కరాచీ ఒప్పందంలో భారత్, పాకిస్తాన్‌లు కాల్పుల విరమణ రేఖను ఒక చోటు దాకా గుర్తించి, ‘అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల దాకా’ అని రాసి వదిలేశారు. ఆ చోటునే పటంలో ఎన్‌జే 9842 అంటారు. అంత ఎత్తుకు ఎవరు పోతారులే అనుకున్నారు. ఉత్తరంగా అంటే నిటారుగా ఉత్తరానికా, దగ్గరున్న శిఖరాల వెంటా, లేక ఈశాన్యంగా కారకోరం కనుమ వైపా? ఆ ఒక్క మాట తేలకపోవడంతో 1984 ఏప్రిల్ 13న మన సైన్యం సాల్తోరో శిఖరాలెక్కి కూర్చుంది. ఆ తర్వాత తుపాకీ గుళ్లకన్నా మంచు, చలి, ఎత్తు వల్ల పోయిన ప్రాణాలే ఎక్కువ. ఇలాంటి వాక్యాన్ని ఉపగ్రహం సరిచేయలేదు.

మలక్‌పేట నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి: ఒక్క పోస్టు పెడితే యుద్ధం వస్తుందా? 1962లో అసలు మెట్టు మెట్టుగా ఏం జరిగింది?

ఒక్క పోస్టుతో రాదు. ఒక పోస్టు పెట్టాక దాన్ని తీసేయలేని స్థితి వస్తుందే, దానితో వస్తుంది. 1962 దీనికి పాఠం లాంటిది కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

ముందు రోడ్డు. చైనా సిన్‌కియాంగ్ నుంచి టిబెట్‌కు అక్సాయ్ చిన్ మీదుగా రోడ్డు వేసి 1957లో పూర్తయిందని ప్రకటించింది. 1954 నుంచే మన పటాల్లో ఆ ప్రాంతం భారత్‌లో ఉన్నట్టు స్పష్టమైన గీత ఉంది. కానీ అక్కడ మన మనిషి లేడు. రోడ్డు విషయం ఆలస్యంగా తెలిసింది. ఇది మొదటి మెట్టు: పటం ఒకరిది, నేల మీద ఉన్నది ఇంకొకరు.

తర్వాత రక్తం. 1959లో టిబెట్ తిరుగుబాటు, దలైలామా రాక. ఆగస్టు 25న తూర్పున లాంగ్‌జులో కాల్పులు. అక్టోబరు 21న లద్దాఖ్‌లో కొంగ్కా లా దగ్గర మన పోలీసులు పది మంది చనిపోయారు. ఏటా అక్టోబరు 21న గోషామహల్ స్టేడియంలో పోలీసు అమరవీరుల దినం జరిపేది వాళ్ల జ్ఞాపకంగానే. అప్పుడు హద్దు కాసింది సైన్యం కాదు, పోలీసులు. శవాలు ఇంటికొచ్చాక నాయకులు చర్చల్లో ఇచ్చిపుచ్చుకునే మాట ఎత్తడం కష్టం. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్ లై ఢిల్లీ వచ్చినా ఏమీ తేలకపోవడానికి అదొక కారణం.

మూడోది పోస్టుల పందెం. 1961 నవంబరులో వీలైనంత ముందుకు పోయి పోస్టులు పెట్టాలని ఢిల్లీ నిర్ణయించింది. దీన్నే ఫార్వర్డ్ పాలసీ అన్నారు. చైనా మన పోస్టుల మీద పెద్ద ఎత్తున కాల్పులు జరపదన్న నమ్మకం మీద అది నడిచింది. 1962 జులైలో గల్వాన్ లోయలో మన పోస్టును చైనా సైన్యం చుట్టుముట్టింది, కాల్చలేదు. గట్టిగా నిలబడితే వెనక్కు తగ్గుతారని మనవాళ్లు అర్థం చేసుకున్నారు. మా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. ఒకసారి కాల్చకపోవడం హెచ్చరిక కావచ్చు, భయమే కానక్కర్లేదు.

నాలుగోది థాగ్లా. 1962 జూన్‌లో ఆ శిఖరాల కింద నామ్కా చు అనే వాగు పక్కన మనవాళ్లు ధోలా పోస్టు పెట్టారు. సెప్టెంబరు 8న చైనా సైనికులు శిఖరం దిగి దాన్ని చుట్టుముట్టారు. ఈసారి సంగతి పత్రికలకు ఎక్కింది, పార్లమెంటు మండిపడింది. చైనావాళ్లను అక్కడి నుంచి తరిమేయాలని ఆదేశం వచ్చింది. ఆ పని మీద పంపిన 7వ బ్రిగేడ్ పరిస్థితి చూడండి: మనిషికి 50 తూటాల చొప్పున, చాలామందికి చలి దుస్తులు లేవు. రోడ్డు లేదు, సరుకు విమానాల నుంచి జారవిడిస్తే సగం లోయల్లో పడేది. ఎదుటివాళ్లు శిఖరం మీద, మనవాళ్లు కింద వాగు ఒడ్డున. వాగుకు పక్కగా ఇలా పరుచుకుని కూర్చోవడం యుద్ధానికి పనికిరాదని అక్కడి అధికారులకు తెలుసు. వెనక్కు వచ్చి మంచి చోటు చూసుకుందామంటే ‘హద్దు వదిలేశారు’ అన్న మాట పడాలి. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి మొదలైంది, అదే రోజు లద్దాఖ్‌లోనూ. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించింది.

ఇలాంటి నిప్పురవ్వ ప్రతిసారీ యుద్ధం కాదు. 1967 సెప్టెంబరు 11న సిక్కింలోని నాథూ లా దగ్గర మన సైన్యం ఇనుప కంచె వేస్తుంటే చైనా మెషిన్‌గన్లు పేలాయి. నాలుగు రోజులు ఫిరంగులు మోగాయి, మన సైనికులు పదుల సంఖ్యలో చనిపోయారు. అయినా అది యుద్ధం దాకా పోలేదు. 1962కూ దీనికీ తేడా ఏమిటి? నాథూ లాలో హద్దు శిఖరం వెంటే ఉంది, ఎక్కడుందన్న దానిమీద సందేహం కొద్ది గజాలే. మనవాళ్లు ఎత్తు మీద ఉన్నారు, ఫిరంగులు అందుబాటులో ఉన్నాయి. చైనా సాంస్కృతిక విప్లవపు గందరగోళంలో ఉంది. ముందుకు పోతే ఏదో దక్కుతుందన్న ఆశ ఎవరికీ లేదు.

కూకట్‌పల్లి నుంచి ఐటీ ఉద్యోగి: గడ్డి కూడా మొలవని చోటు కోసం వేల ప్రాణాలు ఎందుకు? లెక్క వేస్తే ఎవరికీ గిట్టుబాటు కాదు కదా?

ఆ చోటు విలువకు లెక్క వేస్తే గిట్టదు. కానీ వాళ్లు వేసే లెక్క ఆ చోటుది కాదు.

ఎరిట్రియా, ఇథియోపియాల మధ్య బద్మే అనే చిన్న ఊరు ఉంది. చమురు లేదు, గనులు లేవు. 1998 మే 6న అక్కడ గస్తీ సైనికుల మధ్య గొడవలో ఎరిట్రియా అధికారులు చనిపోయారు. వారం తిరక్కుండా ఎరిట్రియా ట్యాంకులతో వచ్చి ఊరిని పట్టుకుంది. నెల తిరిగేసరికి విమానాలు ఒకరి నగరం మీద ఇంకొకరు బాంబులు వేశాయి. రెండేళ్లు కందకాల్లో కూర్చుని కొట్టుకుంటే డెబ్బై వేల మందికి పైగా చనిపోయారన్నది ఎక్కువగా చెప్పే అంచనా. లోపల ఉన్నది వేరే సంగతులు. 1993లో ఎరిట్రియా విడిపోవడంతో ఇథియోపియాకు సముద్రమే లేకుండా పోయింది. 1997లో ఎరిట్రియా సొంత కరెన్సీ తెచ్చాక వ్యాపారం మీద కీచులాట మొదలైంది. రెండు చోట్లా పాలకులు ఒకప్పుడు భుజం భుజం కలిపి పోరాడిన గెరిల్లాలే. అన్నదమ్ముల గెట్టు తగాదా పరాయివాళ్ల దానికన్నా ముదురుతుందని మనకు చెప్పనక్కర్లేదు.

ఇంకోటి, ఒక చోట వదిలేస్తే మిగతా చోట్ల కూడా వదిలేస్తారని ఎదుటివాడు అనుకుంటాడన్న భయం. ఆ భయం ఒట్టిది కాదు. 1965 ఏప్రిల్‌లో రాన్ ఆఫ్ కచ్‌లో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగింది, జూన్ 30న ఒప్పందం కుదిరి తగాదాను ట్రిబ్యునల్‌కు అప్పగించారు. మధ్యవర్తిత్వం పద్ధతిగా చూస్తే అది మంచి ముగింపు. కానీ భారత్ గట్టిగా పోరాడదని పాకిస్తాన్ నాయకత్వం దాని నుంచి అర్థం తీసుకుంది. ఆగస్టులోనే కశ్మీర్‌లోకి చొరబాటుదార్లను పంపింది. సెప్టెంబరు 6న మన సైన్యం లాహోర్ వైపు కదిలింది.

అల్వాల్ నుంచి ఒక గృహిణి: మా చుట్టుపక్కల సైనిక కుటుంబాలు చాలా ఉన్నాయి. గల్వాన్‌లో తుపాకులుండి కూడా రాళ్లతో, కర్రలతో ఎందుకు కొట్టుకున్నారో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదమ్మా.

తుపాకులు ఉన్నాయి, కాల్చకూడదన్న ఒప్పందమూ ఉంది. 1996లో భారత్, చైనాలు రాసుకున్న దాని ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు పక్కలా 2 కిలోమీటర్లలోపు తుపాకీ పేల్చకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. ఎక్కడో ఒక కుర్రాడు కంగారులో ట్రిగ్గర్ నొక్కితే అది యుద్ధమవుతుందని పెట్టిన కట్టుబాటు. 1975 తర్వాత నాలుగున్నర దశాబ్దాలు ఆ రేఖ మీద తూటాకు ఎవరూ బలి కాలేదంటే అదీ ఒక కారణం.

పాకిస్తాన్‌తో ఉన్న నియంత్రణ రేఖ వేరు. అది 1972లో ఇద్దరూ సంతకాలు చేసిన పటాల మీద ఉంది. చైనాతో ఉన్న వాస్తవాధీన రేఖకు అలాంటి పటం లేదు. నడుమ ఉన్న చిన్న భాగానికి మాత్రమే 2000లో పటాలు ఇచ్చిపుచ్చుకున్నారు. లద్దాఖ్‌లో కొన్నిచోట్ల ఇద్దరూ ఒకే మైదానాన్ని తమదే అనుకుని గస్తీ తిరుగుతారు. రెండు గస్తీలు ఎదురుపడితే చేయాల్సిన దానికి ఒక పద్ధతి ఉంది. దూరంగా ఆగి, ‘ఇది మా ప్రాంతం, వెనక్కు వెళ్లండి’ అని రాసిన బ్యానర్ విప్పి చూపిస్తారు. చేయి చేసుకోరు. ఇద్దరూ వెనక్కు పోతారు. తర్వాత స్థానిక అధికారులు ఫ్లాగ్ మీటింగ్‌లో కూర్చుంటారు. దాని కోసం చుషుల్, దౌలత్ బేగ్ ఓల్డీ, నాథూ లా, బుమ్ లా, కిబితూల దగ్గర అయిదు చోట్లు ఉన్నాయి.

ఈ పద్ధతి ఎక్కడ తెగుతుందంటే, గస్తీవాళ్లు వెనక్కు పోకుండా గుడారం వేసుకున్నప్పుడు. నడిచిపోయే మనిషి జాడ చెరిగిపోతుంది, గుడారం మిగులుతుంది. 2020 జూన్ 6న సైనిక కమాండర్లు మాట్లాడుకుని వెనక్కు తగ్గాలనుకున్నారు. తగ్గారో లేదో చూసేటప్పుడే జూన్ 15 రాత్రి గల్వాన్ మలుపు దగ్గర ఘర్షణ జరిగింది. 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారి, మన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది చనిపోయారు. కర్రలు, మేకులు దిగ్గొట్టిన దండాలు, రాళ్లు, గడ్డకట్టే చలిలో నది నీళ్లు – ప్రాణం తీయడానికి తూటాయే అక్కర్లేదు. కట్టుబాటు తూటాను ఆపింది, చావును ఆపలేదు. అయినా ఆ రాత్రి తుపాకులు పేలి ఉంటే లెక్క ఇరవైతో ఆగేది కాదన్నది మా అభిప్రాయం.

మెహిదీపట్నం నుంచి లా విద్యార్థి: అంతర్జాతీయ న్యాయస్థానం ఉండగా దేశాలు అక్కడికి ఎందుకు పోవు? పోయినా తీర్పు అమలవుతుందా?

ఆ కోర్టుకు సమన్లు పంపి లాక్కొచ్చే అధికారం లేదు, ఇద్దరూ ఒప్పుకోవాలి. భారత్ 2019లో ఇచ్చిన ప్రకటనలో కూడా సరిహద్దు తగాదాలను కోర్టు పరిధి నుంచి మినహాయించుకుంది. 1974 నాటి ప్రకటనలోనూ అదే ఉంది.

పోయినవాళ్లలో బాగుపడ్డవాళ్లున్నారు. ఔజూ అనే ఎడారి పట్టీ కోసం లిబియా, చాద్‌లు ఏళ్ల తరబడి యుద్ధం చేశాయి. 1994 ఫిబ్రవరి 3న కోర్టు 16–1 తేడాతో చాద్‌కు ఇచ్చింది. మే నెలాఖరుకు లిబియా సైన్యం ఖాళీ చేసి వెళ్లిపోయింది. కచ్ ట్రిబ్యునల్ 1968లో వివాదంలో ఉన్న రాన్‌లో దాదాపు పదో వంతు పాకిస్తాన్‌కు ఇస్తే ఇక్కడ పెద్ద గొడవే అయింది, అయినా భారత్ పాటించింది.

ఇక ప్రీ విహార్ శివాలయం సంగతి. లా చదివేవాళ్లు తప్పక చూడాల్సిన కేసు ఇది. 1904 ఒప్పందంలో అప్పట్లో కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్, సియాంల మధ్య డాంగ్రెక్ కొండల జలవిభాజక రేఖే హద్దు అన్నారు. ఆ లెక్కన ఆలయం సియాంకు, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌కు పోవచ్చు. కానీ ఫ్రెంచి అధికారులు గీసిన 2 లక్షలకు 1 స్కేలు పటంలో ఆలయం కంబోడియా వైపు పడింది. ఆ పటాలు అందుకున్న సియాం అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఇంకొన్ని ప్రతులు పంపమని అడిగింది. 1930లో సియాం రాకుమారుడు ఆలయం చూడటానికి పోతే ఫ్రెంచి అధికారి ఫ్రెంచి జెండా ఎగరేసి స్వాగతం చెప్పాడు. అప్పుడూ నోరు మెదపలేదు. 1962 జూన్ 15న కోర్టు 9–3 తేడాతో ఆలయం కంబోడియాదే అంది. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. కోర్టు దాన్ని పూర్తి అంగీకారంగానే లెక్కగట్టింది.

ఈ తీర్పుకు ఒక వికటమైన ఫలితం ఉంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుందని ప్రతి దేశానికీ తెలిసిపోయింది. అందుకే పక్క దేశం ఒక గుడిసె వేసినా, ఒక పటం అచ్చువేసినా వెంటనే నిరసన లేఖ పోతుంది. అది పిడకల వేట కాదు, రికార్డు కోసం. ఇంకో సంగతి, కోర్టు ఆలయం ఎవరిదో చెప్పింది గానీ చుట్టుపక్కల గీత మొత్తం తేల్చలేదు. 2008లో కంబోడియా దాన్ని యునెస్కో జాబితాలో చేర్పించగానే ఆ మిగిలిన చోటు మీద కాల్పులు మొదలయ్యాయి, 2011 దాకా సాగాయి. 2013లో కోర్టు మళ్లీ వివరణ ఇచ్చినా అది ఆలయం ఉన్న గుట్ట వరకే. థాయ్‌లాండ్ 50 వేలకు 1 స్కేలు పటం చూపిస్తుంది, కంబోడియా పాత ఫ్రెంచి పటమే చూపిస్తుంది. 2025లో కొట్టుకున్నదీ ఈ రెండు పటాల మధ్య నేల కోసమే.

తీర్పు రాసేవాళ్లు నేలను తెలిసి రాయకపోయినా చిక్కే. 2002 ఏప్రిల్‌లో ఎరిట్రియా–ఇథియోపియా సరిహద్దు కమిషన్ తీర్పు వెలువడినప్పుడు బద్మే ఎటువైపు పడిందో అందులో స్పష్టంగా రాయలేదు. రెండు రాజధానుల్లోనూ గెలిచామనే చెప్పుకున్నారు. అంకెలు పటం మీద పెట్టి చూస్తే ఊరు ఎరిట్రియాకు పోయిందని తేలింది, ఇథియోపియా అడ్డం తిరిగింది. స్తంభాలు పాతనివ్వకపోతే 2007లో కమిషన్ కాగితం మీద అక్షాంశ రేఖాంశాలు ఇచ్చేసి ఇంటికి పోయింది. 2018 దాకా శాంతి కుదరలేదు.

కోఠి నుంచి ఒక పుస్తకాల షాపు యజమాని: పిల్లల అట్లాసులు, ప్రాజెక్టు చార్టులు అమ్ముతాం. భారత పటం విషయంలో ఏం చూసుకోవాలి?

సర్వే ఆఫ్ ఇండియా పటంతో కలిసే బయటి సరిహద్దు ఉండాలి. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ మొత్తం, అక్సాయ్ చిన్‌తో సహా లోపల ఉందా, అరుణాచల్ పై గీత తెగకుండా ఉందా అన్నవి ముందు చూడండి. విదేశాల్లో అచ్చయిన గ్లోబుల మీద అక్కడ చుక్కల గీతలుంటాయి. సర్వే ఆఫ్ ఇండియాకు విరుద్ధంగా భారత పటం ప్రచురిస్తే 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. చార్టు అచ్చువేయించేవాళ్లు ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ వాడకుండా, సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నుంచి దించుకుంటే సరిపోతుంది.

సికింద్రాబాద్ నుంచి రిటైర్డ్ రైల్వే ఉద్యోగి: టీవీలో రోజూ యుద్ధమే అంటారు. నిజంగా వస్తుందో రాదో తెలియాలంటే వార్తల్లో ఏం చూడాలి?

నాయకుల ప్రకటనలు పక్కన పెట్టండి. నిరసన లేఖలు, రాయబారిని పిలిపించి మందలించడం కూడా పెద్దగా లెక్కలోకి రావు, అవి ఏటా జరుగుతాయి.

చిన్న పనులు గమనించండి. సరిహద్దు గేట్ల వేళలు కుదించడం, తర్వాత మూసేయడం, సరుకు ఆపేయడం. 2025 మే 28న ఒక కంబోడియా సైనికుడు చనిపోయాక జూన్‌లో జరిగింది అదే. ముందు గేట్ల వేళలు తగ్గాయి, తర్వాత కంబోడియా థాయ్ పండ్లు, ఇంధనం కొనడం మానేసింది. జులైలో మందుపాతరలకు థాయ్ సైనికుల కాళ్లు పోయాయి, 23న రాయబారిని వెనక్కు పిలిచారు, 24 పొద్దున్నే ఫిరంగులు. ఒక్కో మెట్టూ ‘దీనికి బదులు చెప్పకపోతే చేతగానివాళ్లమంటారు’ అని కట్టుకున్నదే.

సైన్యం వైపు చూస్తే, బలగాలు కదిలాయన్న వార్తకన్నా వాటి వెనక ఏం కదిలిందన్నది ముఖ్యం. ట్యాంకులను విన్యాసాల పేరుతోనూ తీసుకుపోవచ్చు. ఫీల్డ్ ఆస్పత్రులు, రక్తం నిల్వలు, ఇంధనం ట్యాంకర్లు, వంతెనలు వేసే ఇంజినీరింగ్ దళాలు ముందుకు పోతే, సరిహద్దు ఊళ్లు ఖాళీ చేయిస్తే అప్పుడు అనుమానించాలి. రక్తం ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, ఊరికే బెదిరించడానికి ఎవరూ తెచ్చిపెట్టుకోరు. హిమాలయాల్లో అయితే క్యాలెండరు చూడండి. మంచు కరిగే మే నుంచి అక్టోబరు దాకానే కదలడానికి వీలు. కార్గిల్ చొరబాటు బయటపడింది మేలో, 1962 దాడి మొదలైంది అక్టోబరులో. నవంబరు దాటాక ఎత్తులో కొత్త దాడి మొదలుపెట్టడం చాలా కష్టం.

అన్నిటికన్నా మేం ఎక్కువగా చూసేది మాట్లాడుకునే దారులు తెరిచి ఉన్నాయా లేదా అన్నది. ఫ్లాగ్ మీటింగ్ జరిగిందా, ఎంత స్థాయి అధికారి వచ్చాడు? కల్నల్ నుంచి మేజర్ జనరల్, అక్కడి నుంచి లెఫ్టినెంట్ జనరల్‌కు పెరిగిందంటే తగాదా పెద్దదైంది గానీ ఇంకా మాటల్లోనే ఉందని అర్థం. 2020 తర్వాత చుషుల్–మోల్డో దగ్గర కోర్ కమాండర్లు ఇరవైకి పైగా దఫాలు కూర్చున్నారు, డెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ మీద 2024 అక్టోబరుకు గానీ ఒప్పందం కుదరలేదు. టీవీవాళ్లకు ఆ నాలుగేళ్లలో చూపించడానికి బల్ల తప్ప ఏమీ లేదు. హాట్‌లైన్ ఎత్తడం లేదు, పిలిచినా మీటింగుకు రావడం లేదు అన్న వార్త చిన్న అక్షరాల్లో లోపలి పేజీలో వచ్చినా సరే, దాన్ని కత్తిరించి పెట్టుకోండి.